తమాషాకేనట... ఎవరికి తమాషా?

తుమ్మలపల్లె పేరు వినగానే మీకేం గుర్తొస్తుంది? పేపరు చదివే అలవాటున్నవారికి యురేనియం గుర్తొస్తుంది. కడప జిల్లా వేముల మండలంలో, పులివెందులకు దగ్గర్లో, నేల కడుపులోంచి యురేనియం తవ్వితీసే ఊరది. నాకు మాత్రం మా పిన్నమ్మ గుర్తొస్తుంది. ఆమె చేతి సంగటీ, చెనిగ్గింజల చట్నీ గుర్తొస్తాయి. 'సినిమా పత్రికలో గనుల ఊరికేం పనయ్యా?' అంటారేమో. ఉంది. కాస్త ఓపిక పట్టండి.

అది 2024 మే నెలాఖరు. ఎన్నికల పోలింగు 13వ తేదీనే ముగిసింది. లెక్కింపు జూన్ 4న. ఊరు ఊరంతా ఫలితాల కోసం కాచుకుని కూర్చున్న రోజులు. నేను బస్సు దిగి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నానో లేదో, ఓ కుర్రాడు సెల్‌ఫోను నా ముక్కు కిందికి తెచ్చాడు.

"అన్నా, నువ్వు సినిమావోళ్ళ గురించి రాస్తావు గదా! ఇది సూడు. ఇది తప్పా, తమాషానా? నువ్వే చెప్పు."

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. మే 28న హైదరాబాదులో 'గ్యాంగ్స్ ఆఫ్ గోదావరి' చిత్రం విడుదల ముందు వేడుక. ముఖ్య అతిథి నందమూరి బాలకృష్ణ. వేదిక మీద అందరూ వరసగా నిలబడే వేళ, పక్కకు జరగమంటూ ఆయన నటి అంజలిని చేత్తో తోశారు. ఆమె ఒక్క క్షణం తూలారు. ఆ వెంటనే నవ్వేశారు.

ఆ కొద్ది క్షణాల ముక్క దేశమంతా తిరిగింది. బొంబాయి దర్శకుడు హన్సల్ మెహతా ఘాటైన మాటతో విరుచుకుపడ్డారు. చిత్రబృందం వారు అదంతా చనువుతో జరిగిన సరదా అన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే అంజలి స్వయంగా ప్రకటన చేశారు. వేడుకకు వచ్చినందుకు బాలకృష్ణగారికి కృతజ్ఞతలనీ, తామిద్దరి మధ్య ఎంతోకాలంగా స్నేహం, పరస్పర గౌరవం ఉన్నాయనీ చెప్పారు. ఆమె మాటను నేను కాదనను. తోయడం వేరు, ఒంటి మీద వెకిలిచెయ్యి వేయడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టనూ కట్టను. కాని ఆ చిన్న తోపు తుమ్మలపల్లెలో ఎంత పెద్ద తగువు తెచ్చిందో చూస్తే మీరూ ముక్కున వేలేసుకుంటారు.

టీకొట్టు తీర్పు

"ఆయప్పది పసిబిడ్డ మనసప్పా! లోపలొకటి బయటొకటి ఉండదు" అన్నాడొక అభిమాని. 'సమరసింహారెడ్డి' వచ్చిన 1999లో పుట్టి కూడా ఉండడు. అయినా అందులో సీన్లన్నీ వాడికి కంఠోపాఠం.

"పసిబిడ్డ అయితే ఇంట్లో ఉండాల. హిందూపురం ఎమ్మెల్యేగా యాల?" అన్నాడు ఎదుటి పార్టీ కండువా మెడలోంచి ఇంకా తీయని పెద్దమనిషి.

"మీ వోళ్ళు చేసినప్పుడు నోరు యాడబోయిందో!"

"మా వోళ్ళు ఏం జేసినారు, చెప్పు సూద్దాం!"

అంతే. టీ గ్లాసులు పక్కకుపోయాయి. అరగంట సేపు తగువు. నేను చెవులు రిక్కించుకుని విన్నాను. ఆ అరగంటలో రెండు పార్టీల నాయకుల పేర్లన్నీ వచ్చాయి. వాళ్ళ తండ్రుల పేర్లూ వచ్చాయి. అంజలి పేరు మాత్రం ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా రాలేదు! తప్పన్నవాళ్ళకూ ఆమె అక్కర్లేదు. తమాషా అన్నవాళ్ళకూ ఆమె అక్కర్లేదు. ఏ చొక్కా రంగువాడు ఆ రంగు తీర్పు చెప్పేశాడు.

నన్నడిగిన కుర్రాడికి నేనేం చెప్పాను? ఏమీ చెప్పలేదు. టీ డబ్బులిచ్చి లేచొచ్చేశాను.

చేటల ముందు

పిన్నమ్మ ఇంట్లో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నారు. అయిదారుగురు ఆడవాళ్ళు, ముందర చేటలు. అక్కడా ఇదే వీడియో. మొదట అందరూ నవ్వారు. ఒకామె అంజలి తూలినట్టు తూలి చూపించింది కూడా. మళ్ళీ నవ్వులు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"అబ్బీ" అంది పిన్నమ్మ తలెత్తకుండా, "ఆ పిల్ల నవ్వకుండా ఉండింటే ఏమయ్యేది?"

"ఏమవుతుంది పిన్నమ్మా... పొగరని రాస్తారు."

"ఎవురు రాస్తారు?"

నేను కాసేపు నీళ్ళు నమిలి చెప్పాను: "మేమే."

గాయని చిన్మయి కూడా ఆ రోజుల్లో ఇటువంటి మాటే రాశారు. 'ఆమె నవ్వింది కదా, ఆమెకు లేని బాధ మీకెందుకు?' అనేవారి వాదనను ఆమె తప్పుపట్టారు. చిన్మయి ఎవరో సినీప్రియులకు చెప్పాలా? 'ఏ మాయ చేసావే' (2010)లో సమంతకు గొంతిచ్చిన గాయని. 2018లో తమిళ కవి వైరముత్తు మీద ఆమె ఆరోపణ చేశారు. ఆయన దాన్ని ఖండించారు. అదే ఏడాది నవంబరులో డబ్బింగ్ కళాకారుల సంఘంలో ఆమె సభ్యత్వం పోయింది. చందా కట్టలేదన్నది సంఘం చెప్పిన కారణం. నవ్వకుండా నోరు తెరిచినామె కథ అదీ!

నా వంతు నవ్వు

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ళ కిందట ఒక సినిమా సభ. ఏ సినిమా, ఎవరి సభ అన్నది వదిలేయండి. కార్యక్రమం నడిపే అమ్మాయి మైకు అందిస్తుంటే, వయసులో పెద్దాయనొకరు ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నారు. లాక్కుని మైకులో ఒక ఛలోక్తి విసిరారు. సభ గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న నేనూ నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. ఆ రాత్రే 'పెద్దాయన హాస్యపు జల్లు కురిపించారు' అని ఫోనులో వార్త చెప్పేశాను.

సభ అయ్యాక కార్లు నిలిపేచోట ఆ అమ్మాయి ఎదురుపడింది. "ప్రోగ్రాం బాగా నడిపారమ్మా" అన్నాను.

"థాంక్సండీ" అని ఒక అడుగు వేసి ఆగింది. "సార్, ఆ నడుం ముక్క రాయకండి. మా నాన్న పేపరు మొత్తం చదువుతారు."

అప్పటికే వార్త వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోను చేసి తీయించవచ్చు. రెండు నిమిషాల పని. చేయలేదు. మర్నాడు అచ్చయింది. ఆ నాన్న చదివే ఉంటాడు.

తమాషాల చిట్టా

మన చిత్రసీమలో ఈ 'తమాషా' మాట పాతదే. కాని గత పదేళ్ళలో అది ఎన్నిసార్లు క్షమాపణ దాకా వెళ్ళిందో చూడండి.

2016 మార్చిలో 'సావిత్రి' పాటల సభలో అమ్మాయిల వెంటపడే పాత్రల గురించి బాలకృష్ణ చేసిన వ్యాఖ్య దుమారం లేపింది. మహిళా దినోత్సవం ముంగిట వచ్చిన మాట! పోలీసులకు ఫిర్యాదులు వెళ్ళాయి. తెర మీద తననుంచి అభిమానులు కోరుకునేది చెప్పానే తప్ప ఎవరినీ నొప్పించాలని కాదని ఆయన వివరణ ఇచ్చి, క్షమించమన్నారు.

2017 మేలో 'రారండోయ్ వేడుక చూద్దాం' పాటల సభ. ఆడవాళ్ళ గురించి నటుడు చలపతిరావు అన్న ఒక మాట రాష్ట్రాలు రెంటినీ కుదిపేసింది. సభలో నవ్వులాటగా జారిన మాట, బయటకొచ్చేసరికి పోలీసు కేసయింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ చిత్ర నిర్మాత నాగార్జున, కథానాయకుడు నాగచైతన్య ఇద్దరూ ఆ మాటను తాము ఒప్పుకోమని బహిరంగంగా ప్రకటించారు. ద్రౌపదిని సభకీడ్చిననాడు భీష్మద్రోణులు తల దించుకుంటే, కౌరవుల్లో వికర్ణుడొక్కడే లేచి అధర్మమన్నాడు. మన సభల్లో వికర్ణులు అరుదు. కాబట్టే వారి పేర్లు చెప్పుకుంటున్నాను.

2025 జనవరిలో 'మజాకా' టీజరు సభ. పేరులోనే మజాకా! 'మన్మథుడు' (2002) నాయిక అన్షు చాలా ఏళ్ళకు తెలుగు తెర మీదికి తిరిగొస్తే, దర్శకుడు త్రినాథరావు నక్కిన ఆమె శరీరం గురించి వేదిక మీదే వ్యాఖ్యలు చేశారు. తెలంగాణ మహిళా కమిషన్ తనంతట తానే కదిలింది. దర్శకుడు క్షమాపణ చెబుతూ, నవ్వించాలన్న ప్రయత్నంలో అన్నానన్నారు. ఆ తర్వాత అన్షు కూడా ఆయన మంచివారనీ, తనను గౌరవంగా చూసుకున్నారనీ చెప్పారు.

అంజలి అలాగే చెప్పారు. అన్షు అలాగే చెప్పారు. వారి మనసు వారికి తెలుసు. నేను తవ్వబోను. కాని 'నన్ను నొప్పించారు' అని చెప్పిన నటీమణికి మర్నాడు అదే సెట్టులో అదే కుర్చీ ఉంటుందా? ఉంటుందని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన రోజున, ఆ నవ్వుల గురించి పిన్నమ్మకు అనుమానం రాదు.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు లెండి. డొనాల్డ్ ట్రంప్ టీవీ తారగా వెలుగుతున్న 2005లో, ఆడవాళ్ళను అడక్కుండా ముద్దు పెట్టుకోవడం, ఎక్కడ పడితే అక్కడ చెయ్యి వేయడం గురించి గొప్పలు పోయిన టేపు 2016 అక్టోబరులో బయటపడింది. నొచ్చుకున్నవారికి క్షమాపణ అంటూనే, అవి మగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో ఆడుకునే మాటలన్నారాయన. ఆ రాత్రే కెల్లీ ఆక్స్‌ఫర్డ్ అనే రచయిత్రి తన మీద మొదటిసారి అటువంటి చెయ్యి పడిన అనుభవం చెప్పి, మీవీ చెప్పండని ఆడవాళ్ళనడిగారు. వేలకు వేలు వచ్చి పడ్డాయి. మరుసటి నెలలోనే ఆయన ఎన్నికల్లో గెలిచారు. అక్కడా టీకొట్టు తీర్పే!

మన ఢిల్లీలో 2007 ఏప్రిల్‌లో హాలీవుడ్ నటుడు రిచర్డ్ గేర్ ఒక సభా వేదిక మీద శిల్పాశెట్టిని వాటేసుకుని బుగ్గ మీద పదే పదే ముద్దులు పెట్టారు. తమాషా ఆయనది. దిష్టిబొమ్మలు ఇద్దరివీ కాలాయి. కేసు ఆమె మీద కూడా పడింది! బొంబాయి మేజిస్ట్రేటు ఆమెకు విముక్తి కలిగించేసరికి 2022 జనవరి వచ్చింది. ఆ పనికి ఆమె బాధితురాలే తప్ప నేరస్తురాలు కాదన్న మాట తేలడానికి దాదాపు పదిహేనేళ్ళు!

చిన్న విషయమా?

'ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?' అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు ఒక కేసు చెప్పాలి.

1988 జూలైలో చండీగఢ్‌లో ఒక విందు. పంజాబు పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ అప్పట్లో దేశమంతా తెలిసిన పేరు. ఆ విందులో అందరూ చూస్తుండగా ఆయన రూపన్ దియోల్ బజాజ్ అనే ఐ.ఎ.ఎస్. అధికారిణిని వెనకనుంచి చరిచారు. ఆమె నవ్వి ఊరుకోలేదు. ఫిర్యాదు చేశారు. మామూలు మనిషెవరూ పట్టించుకోనంత స్వల్పమైన హాని నేరం కాదనే సెక్షన్ చూపించి హైకోర్టు కేసు కొట్టేసింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. స్త్రీ గౌరవానికి తగిలిన దెబ్బ స్వల్పం కాదని సుప్రీంకోర్టు 1995లో కేసును మళ్ళీ నిలబెట్టింది. 1996లో గిల్ దోషి అని తేలింది. 2005లో ఆ తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జైలు మాత్రం తప్పి ప్రొబేషను మిగిలింది.

1988 నుంచి 2005 దాకా పదిహేడేళ్ళు! ఐ.ఎ.ఎస్. అధికారిణికే అంత కాలం పడితే, రోజుకూలికి వచ్చే గ్రూపు డాన్సరు గతేమిటి? ఆటోలో కాలేజీకి పోయే తుమ్మలపల్లె పిల్ల గతేమిటి?

చట్టం లేదని కాదు. పాత శిక్షాస్మృతిలో 354 సెక్షన్ ఉండేది. 2013లో దానికి 354ఎ చేరింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయసంహితలో ఇవే 74, 75 సెక్షన్లు. ఆడమనిషి మానానికి భంగం కలిగించే ఉద్దేశంతో చెయ్యి చేసుకుంటే 74 కింద ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు. ఇష్టంలేని లైంగికమైన తాకిడి 75 కిందికి వస్తుంది. ఎంత వెతికినా 'తమాషాకి చేసినచో వదిలేయవలెను' అన్న వాక్యం అందులో కనబడదు.

బావ సరసం, మరదలి చెంబు

'అయితే మనకు సరసమే వద్దా? నవ్వులే వద్దా?' అని కొందరు మిత్రులు నా మీద కస్సుమంటారు. అయ్యా, సరసం లేని తెలుగిల్లు ఉందా? బావామరదళ్ళ పరాచికాలు లేని పెళ్ళి ఉందా? కాని ఆ పరాచికాలకొక కట్టడి ఉంది. అది పిన్నమ్మే చెప్పింది.

"బావ జడ గుంజితే, మరదలు చెంబెడు నీళ్ళు నెత్తిన పోస్తాది. అప్పుడు బావ నవ్వాల. నవ్వలేదంటే అది సరసం గాదు, వాడికి పొగరు."

అదీ కొలబద్ద! సరసమన్నది రెండు వైపులా నడిచే దారి. అదే వేదిక మీద, అదే చనువుతో, అంజలి బాలకృష్ణను పక్కకు తోసి ఉంటే? సభ అలాగే నవ్వేదా? టీకొట్టు కుర్రాడు 'పసిబిడ్డ మనసు' అనేవాడా?

ఊహ ఎందుకు, జరిగిందే చెబుతాను. తాప్సీని తెలుగు తెరకు తెచ్చిన చిత్రం 'ఝుమ్మంది నాదం' (2010), దర్శకుడు కె. రాఘవేంద్రరావు. 2017లో ఒక హాస్య కార్యక్రమంలో తాప్సీ, కొబ్బరికాయలు తన నడుం మీద పడిన పాట చిత్రీకరణ గురించి ఛలోక్తులు విసిరారు. ఆమె తోసిందీ లేదు, తాకిందీ లేదు. ఉత్త మాటలు! తెలుగు అభిమానులు మండిపడ్డారు. చివరికి ఆమె క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కాయ విసిరితే కళ. కాయ తగిలినామె నవ్వితే అపచారం! చెంబు నీళ్ళు పడగానే బావకు కోపం వచ్చిందన్నమాట.

ఈ పాఠం మన సినిమాకు తెలియదా? బాగా తెలుసు. 1985లో టి. కృష్ణ 'ప్రతిఘటన' తీశారు. నడివీధిలో అవమానం పాలైన లెక్చరరుగా విజయశాంతి, తనను చూసి వెకిలిగా నవ్వే విద్యార్థుల ముందు నిలబడి పాడిన పాటకు హాళ్ళలో నవ్వులు ఆగిపోయాయి. చేసినవాడితో పాటు నవ్వినవాళ్ళనూ బోనులో నిలబెట్టిన చిత్రమది. ఆ చిత్రం తీసిన సీమే, తర్వాత ఎన్నో చిత్రాల్లో హీరోయిన్ను ఏడిపించడాన్ని కామెడీ ట్రాకు చేసింది. ఆ ట్రాకు చూస్తూ పెరిగిన కుర్రాళ్ళే ఆటోల్లో ఎక్కుతున్నారు.

ఆటోలో మామ

ఆటో అన్నాను కదా, ఆ సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ సాయంత్రం చేటలు ఎత్తేశాక పిన్నమ్మ మనవరాలు నా పక్కకొచ్చి కూర్చుంది. డిగ్రీ చదువుతోంది. "చిన్నాయనా, నీకో మాట చెప్పాల. రాయొచ్చు, పేరొద్దు" అంది.

కాలేజీకి పోయే ఆటోలో ఎరిగినవాడే ఒకడు, నలభై దాటినవాడు, ఇరుకు వంకతో నడుం మీద చెయ్యి వేసేవాడట. ఒకరోజు గట్టిగా అరిచింది. వాడు నవ్వుతూ, "మామ వరస గదమ్మీ! మామ ఎగతాళి చేయగూడదా?" అన్నాడట. ఆటో అంతా నవ్విందట.

"వాడు చేసిందానికి ఏడుపు రాలేదు చిన్నాయనా. ఆటోలో వాళ్ళు నవ్వినారే, అందుకొచ్చింది."

పది రోజులు కాలేజీకి పోలేదు. చదువు మాన్పించే మాట కూడా ఇంట్లో వచ్చింది. స్టేషనుకు పోదామంటే, "ఊరంతా వాణ్ణి వదిలేసి పిల్ల గురించి మాట్లాడతాది" అని పెద్దవాళ్ళు వెనక్కి తగ్గారు. పిన్నమ్మ మాత్రం తగ్గలేదు. పదకొండో రోజు మనవరాల్ని వెంటబెట్టుకుని తనే ఆటో ఎక్కి, వాడి పక్కన కూర్చుంది. బండి కదిలాక అందరికీ వినబడేట్టు అడిగిందట: "ఏం నాయనా, వరస తమాషా నాతో కూడా చేస్తావా? నేను అత్త వరసయితా. నేను కూడా చేసేదా నీకు తమాషా?"

ఈసారి ఎవరూ నవ్వలేదట. వాడు పులివెందుల రాకముందే దిగిపోయాడట.

"అప్పుడెవరైనా మాట్లాడినారా?" అనడిగాను.

"డ్రైవరన్న ఒక్కడే. 'రేపట్నుంచి నువ్వు ముందర సీటు, నా పక్కన కూచో' అన్నాడు వాడితో. అంతే చిన్నాయనా. ఆ ఒక్క మాటతో నా చదువు నిలబడింది."

నాకు ఆ ఫోను గుర్తొచ్చింది. రెండు నిమిషాల పని. ఒక్క వాక్యం తీసేయించడం. డ్రైవరు చేసిన పాటి పని నేను చేయలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో టీకొట్టు దగ్గర ఆ కుర్రాడు మళ్ళీ కనిపించాడు. "ఏమన్నా, తప్పా తమాషానా, చెప్పకుండానే పోతాండావే?" అన్నాడు.

"ఆయమ్మ తిరిగి తోసినా నువ్వు ఇట్లే నవ్వుతావనుకో, అప్పుడు తమాషా" అన్నాను.

కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. నవ్వలేదు. ఫోను మాత్రం జేబులో పెట్టుకున్నాడు.